చెయ్యందే దూరం

ఆ ఎండాకాలం మా ఇంట్లో సామాన్లకు కాళ్ళొచ్చాయి.

మొదట కదిలింది కుట్టుమిషను. ఏళ్ళ తరబడి కిటికీ కింద ఉన్నది కాస్తా, ఒకనాడు నేను నిద్ర లేచేసరికి పడకగది గుమ్మం పక్కకు వచ్చి కూర్చుంది. "అక్కడ ఎండ మొహాన కొడుతోంది అమ్మాయ్, దారం కనబడి చావడం లేదు" అన్నారు అత్తగారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఆ మిషను మీద చెయ్యి వేయగా నేను చూడలేదు. వారం తిరక్కుండా చేతుల కుర్చీ గోడను వదిలి హాలు మధ్యకు వచ్చింది. "ఫ్యాను గాలి అక్కడికి రావడం లేదు." ఆ తర్వాత పొట్టి పుస్తకాల బీరువా వంటింటి వైపు జరిగింది. "దాని వెనక బల్లి దూరింది." బల్లి వెళ్ళిపోయినా బీరువా మాత్రం వెనక్కి పోలేదు.

నేను లెక్కల టీచర్ని. పరీక్ష హాల్లో ఎవడి జేబులో స్లిప్పు ఉందో వాడు కూర్చున్న తీరును బట్టే చెప్పగలనని మా స్కూల్లో నాకు పేరు. అడక్కముందే కారణం చెప్పేవాడి జేబు ముందు వెతకాలన్నది నా అనుభవం. అత్తగారి దగ్గర ప్రతిదానికీ కారణం సిద్ధంగా ఉంటోంది. సెలవులిచ్చారు, నేను రోజంతా ఇంట్లోనే ఉంటున్నాను, ఇక ఈ ఇంటికి పెద్ద ఎవరో తేల్చడానికి ఆవిడ గజం గజం ఆక్రమించుకుంటున్నారని నాకు అనుమానం పట్టుకుంది. అసలు ఆ వేసవిలో నేను అనుమానించని మనిషి లేడు.

అంతటికీ మూలం నా కాళ్ళు. నాకున్న జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగ మీది తొడుగు అక్కడక్కడ ఊడిపోయినట్టు నరాల మీది పొర ఊడిపోతుందని పెద్ద డాక్టరు చెప్పారు. బుర్ర నడవమంటుంది, ఆ మాట కాళ్ళకు చేరేలోగా దారిలో ఎక్కడో జారిపోతుంది. కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నామంటే చేరాను. కొన్ని నెలలకోసారి పిలిచి ఒక సీసా ఎక్కిస్తారు. సీసాకు పసుపుపచ్చ సంచి తొడిగి ఉంటుంది. లోపల ఉన్నది మందో, ఉత్త ఉప్పునీళ్ళో ఎక్కించే నర్సుకు కూడా తెలియదు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ ఉప్పునీళ్ళేనని గట్టి అనుమానం.

మందు ఎక్కించే వాళ్ళు వేరు, కొలిచే ఆయన వేరు. కొలిచే డాక్టరుకు నా సంగతేమీ తెలియకూడదట. ఏం ఎక్కించారో, పోయినసారి ఎంత నడిచానో, ఒంట్లో ఎలా ఉందో నేను చెప్పకూడదు, ఆయన అడగకూడదు. కళ్ళు చూస్తారు, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొడతారు, చిల్లుల పలకలో పుల్లలు గుచ్చి తీయమంటారు. ఆఖరున వరండాలోకి తీసుకొచ్చి నడవమంటారు. ఏదీ పట్టుకోకుండా, ఆగకుండా, ఆ చివరి తలుపు దాకా పోతూ వస్తూ ఎంత నడవగలిగితే అంత. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒకటే మాట: "ఇక చాలనిపిస్తే ఆగి, ఆగానని చెప్పండి." మొదటిసారి నా వెంట వచ్చినప్పుడు అత్తగారు "బాగున్నారా బాబూ?" అని పలకరిస్తే ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. "మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయేమో! మూగనోము పట్టాడు కాబోలు" అన్నారావిడ. అప్పటి నుంచి మా ఇంట్లో ఆయన పేరు మూగనోము డాక్టరు.

అత్తగారు తోడు వచ్చినన్నాళ్ళూ నేను ఆ వరండాలో బాగానే నడిచాను. ఎండలు ముదరక ముందు ఆవిడకు కంటి ఆపరేషన్ అయింది. ఆసారి మా ఆయన సెలవు పెట్టి వెంట వచ్చారు. ఆ రోజే కాళ్ళు మోసం చేశాయి. ఒకసారి చివరి తలుపు దాకా పోయి తిరిగి వస్తూ, మంటలార్పడానికి గోడకు తగిలించిన ఎర్ర సిలిండరు దగ్గరికి వచ్చేసరికి ఎడమకాలు నేలకు అతుక్కుపోయింది. గభాలున ఆ సిలిండరు పట్టుకున్నాను. మూగనోము డాక్టరు ఏదో రాసుకుని లోపలికి పోయారు.

ఈ వ్యవహారమంతా చూసే నర్సమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది.

"ఒక్కసారి కొలతతో ఏమీ తేల్చరు మేడం. ఎండదెబ్బ కావచ్చు, నిద్ర చాలకపోవచ్చు. వేసవి వెళ్ళాక మళ్ళీ కొలుస్తారు. అప్పుడూ ఇలాగే వస్తే జబ్బు నిజంగా ముదిరినట్టు లెక్క."

"ముదిరినట్టు తేలితే?" అన్నారు మా ఆయన.

"ఈ సంచీల గొడవ వదిలేసి అసలు మందే ఇస్తారు సార్."

"తేలకపోతే?"

"ఇప్పుడు ఎక్కిస్తున్నదే ఎక్కిస్తారు." ఆమె నా వైపు తిరిగింది. "ఏదైనా సరే, ఉన్నదున్నట్టు నడవండి మేడం. ఇది మీ ఒక్కరి నడక కాదు. వందలమంది నడకలు కలిపి చూసి, మందు పనిచేస్తోందో లేదో చెబుతారు."

క్లాసు సగటు లాంటిదన్నమాట అనుకున్నాను. కానీ 'ముదిరింది' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఒకసారి ఆ ముద్ర పడితే మళ్ళీ చెరిపేవాడు లేడు. పైగా ఇంట్లో నేను శుభ్రంగా నడుస్తున్నాను. పడకగది నుంచి వంటింటికి, వంటింటి నుంచి స్నానాలగదికి, కర్ర లేకుండా, తోడు లేకుండా. ఇంట్లో నడిచే కాళ్ళు ఆస్పత్రిలో ఎందుకు నడవవు? లోపం ఆ వరండాలోనే ఉందని తీర్మానించుకున్నాను. నేల మరీ నున్నగా తుడుస్తున్నారు. లేదంటే మూగనోము డాక్టరు చూపే మంచిది కాదు. ఆడలేక మద్దెల ఓడందన్న సామెత పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో, అప్పుడు మాత్రం గుర్తుకే రాలేదు.

మా ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. ఆ రోజు నుంచి నా కాళ్ళను కూడా ప్రూఫు చూసినట్టు చూడటం మొదలుపెట్టారు. తల ఎత్తితే చూపు తిప్పుకునేవారు. ఒకనాడు సాయంత్రం టీ తాగుతూ గొంతు సవరించుకున్నారు.

"ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు."

"కోపం వచ్చే మాటే అయ్యుంటుంది. చెప్పండి."

"ఈసారి వరండాలో కాస్త ముందే ఆగిపోతే ఏం?"

"ముందే అంటే?"

"సిలిండరు దాకా కూడా పోవద్దు. అసలు మందు ఇస్తామంటున్నారు కదా! నువ్వు పంతానికి పోయి నడిచావనుకో, మళ్ళీ ఆ ఉప్పునీళ్ళే గతి."

"ఉప్పునీళ్ళని మీకెవరు చెప్పారు?"

"నువ్వే. పొద్దున లేస్తే అదే మాట."

"అంటే కావాలని ఫెయిలవమంటారు."

"పాసై ఏం బావుకుంటావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళ సర్వీసులో కావాలని తప్పులు రాసినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. పై క్లాసుకు పోతే స్కూలు మారాలని ఏడుస్తూ రాశాడు. వాడికి పదేళ్ళు. మీకెన్ని?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నా వయసు తర్వాత లెక్కపెడుదువు గానీ, నువ్వు కాలు ఈడుస్తున్న చప్పుడు పక్కగదిలోకి వినబడుతుంది. ఎన్నాళ్ళని విననూ?"

వేరే రోజైతే ఆ మాటకు కరిగిపోయేదాన్నే. ఆ రోజు మాత్రం కాలు ఈడ్చడమేమిటి, నేనా, అనుకున్నాను. ఈయన నేను పడిపోవాలని కోరుకుంటున్నాడు, మందు కోసమే కావచ్చు, కోరిక మాత్రం అదే కదా అనుకున్నాను. ఆ తర్వాత ఆయన ఉన్నంతసేపూ నేను మంచం దిగడం మానేశాను.

ఇటు ఈయన సంగతి ఇలా ఉంటే అటు అత్తగారి సామాన్లు మరో అడుగు ముందుకేశాయి. ఇక లాభం లేదని ఒక ఎత్తు వేశాను. ఇంటికి రంగులేయిద్దామన్నాను. రంగులేయాలంటే సామానంతా బయటికి రావాలి. తిరిగి పెట్టేటప్పుడు దగ్గరుండి దేని చోట్లో దాన్ని పెట్టిస్తాను. ఆవిడ వారాల తరబడి గెలుచుకున్న రాజ్యం ఒక్క పూటలో పోతుంది.

"ఈ ఎండల్లో ఎందుకే అమ్మా? ఆ వాసన నీకు పడదు. చల్లబడ్డాక చూద్దాంలే" అన్నారు అత్తగారు కంగారుగా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. పట్టుబట్టి రంగులాయన్ను పిలిపించాను.

ఆయన వచ్చిన రోజు మాత్రల మగతలో కాసేపు నడుం వాల్చాను. లేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మా ఆయన ప్రెస్సుకు, అత్తగారు బజారుకు వెళ్ళారు. పడకగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. హాల్లో ఒక్క పుల్ల లేదు, సామానంతా వెనక వసారాకు చేరింది. రంగులాయన గరుకు కాగితంతో గోడ రుద్దుతున్నాడు.

"కాసిని మంచినీళ్ళిస్తారా అమ్మా? గొంతంతా దుమ్ము కొట్టుకుపోయింది."

"అలాగే నాయనా" అన్నాను. వంటింటి తలుపు ఎదురుగా కనబడుతోంది.

కుడిచెయ్యి తనంతట తాను పక్కకు వెళ్ళి కుట్టుమిషను కోసం తడిమింది. అక్కడేమీ లేదు. ఎడమచెయ్యి గుమ్మాన్ని వదలలేదు. వదలమని చెప్పాను. అది వినలేదు, కాలూ వినలేదు. మా హాలు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. భయం వేసింది. నా ఇంట్లో, పట్టపగలు, రోజూ తిరిగే చోట, చెమటలు పట్టేంత భయం వేసింది.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారామ్మా?" అన్నాడాయన గోడ రుద్దుతూనే.

"లేరు. ఏం?"

"ఏం లేదు, గోడ పొడుగునా ఈ ఎత్తులోనే చేతి మరకలు. జిడ్డు పట్టేసింది, ఎంత రుద్దినా పోవడం లేదు. పిల్లలు గోడ పట్టుకుని నడక నేర్చుకునే ఇళ్ళల్లో ఇలాగే ఉంటాయి. కాకపోతే ఇంకాస్త కిందికుంటాయి."

చూశాను. నా నడుము ఎత్తున మట్టిరంగు చార ఒకటి, పడకగది గుమ్మం పక్కనే మొదలై గోడ వెంట పోతోంది. మధ్యలో కొంతమేర తెల్లగా ఉంది. ఆ తెల్లటి చోట కుట్టుమిషను ఉండేది. గోడ అయిపోయిన చోట, హాలు మధ్యలో, చేతుల కుర్చీ ఉండేది. అవతలి గోడ మీద బీరువా ఉన్నంతమేరా శుభ్రంగా ఉంది, అది దాటగానే మళ్ళీ మరకలు, వంటింటి తలుపు దాకా. ఎన్ని స్లిప్పులు పట్టాను! ఇది పట్టడానికి ఇంతకాలం పట్టింది. ఈ ఇంట్లో నేను ఏదీ పట్టుకోకుండా ఒక్క అడుగు వేసి ఎన్నాళ్ళయిందో!

"నీళ్ళు వంటింట్లో కూజాలో ఉన్నాయి నాయనా, నువ్వే తీసుకో" అని చెప్పి, వెనక్కి మళ్ళి మంచం మీద కూలబడ్డాను.

అత్తగారు సంచితో వచ్చి ముందు ఖాళీ హాలు చూశారు, తర్వాత నా మొహం చూశారు. సంచి అక్కడే వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నారు.

"వద్దన్నానా లేదా?"

"మిషనుకూ కుర్చీకీ మధ్య దూరం ఎలా కొలిచారు అత్తయ్యా?"

"కొలవడమేముంది? నువ్వు చెయ్యి చాపితే ఎంతదాకా పోతోందో చూసేదాన్ని. అందలేదనుకో, మర్నాడు ఇంకాస్త ఇటు జరిపేదాన్ని."

"ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదా."

"చెబితే పట్టుకునే మనిషివా నువ్వు? వాడు ముచ్చటపడి చేతికర్ర తెస్తే దానికి దోమతెర కట్టావు."

నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఆవిడ నా వీపు నిమురుతూ కూర్చున్నారు. కాసేపటికి నాలో ఇన్విజిలేటరు మళ్ళీ లేచింది.

"అత్తయ్యా, ఆస్పత్రి వరండాలో గోడవారన కుర్చీలుండేవి. మొన్న ఆయనతో వెళ్ళినప్పుడు లేవు."

ఆవిడ చెయ్యి నా వీపు మీద ఆగిపోయింది.

"నువ్వు లోపల పుల్లలు గుచ్చుకుంటూ కూర్చుంటే బయట నాకేం పని? ఆస్పత్రి హాల్లో కుర్చీలు ఖాళీగా పడుంటాయి. ఒక్కోటీ తెచ్చి వేసేదాన్ని. నర్సమ్మ అడిగితే మోకాళ్ళ నొప్పులు తల్లీ, ఎక్కడ పడితే అక్కడ కూర్చోవాలన్నాను."

"నేను వాటిని ముట్టుకోలేదే!"

"ముట్టుకోలేదు. ఉన్నాయిగా మరి."

పక్కవాడి పేపరులోకి తొంగిచూడకపోయినా, వాడు పక్కనుంటే చాలు చెయ్యి వణక్కుండా రాసే పిల్లల్ని చూశాను. ఇన్నాళ్ళ నా మార్కుల్లో కొన్ని అత్తగారివి. ఇప్పుడు మరికొన్ని తగ్గించుకోమని మా ఆయన బతిమాలుతున్నారు. ఇద్దరిదీ ప్రేమే, కాదనను. కానీ వాళ్ళ ప్రేమ మధ్య పడి, ఈ కాళ్ళు ఎంతవరకు నా మాట వింటాయో నాకే తెలియకుండా పోయింది. అది తెలుసుకోవాలని ఆ పూట నాకు కలిగిన ఆరాటం అంతా ఇంతా కాదు. మంచో చెడో, ఎవరి చెయ్యీ పడని నా మార్కులు నాకు కావాలి.

రంగులు ఆరాక సామాన్లు లోపలికి తెప్పించాను. అనుకున్నట్టే దగ్గరుండి పెట్టించాను, అన్నీ అత్తగారు పెట్టిన చోట్లోనే. కుర్చీని మాత్రం ఇంకాస్త ఇటు జరిపించాను.

రెండో కొలత నాటికి ఒక వాన పడి చల్లబడింది. ఈసారి ఇద్దరూ వెంట వచ్చారు. లోపల చిల్లుల పలకలో పుల్లలు గుచ్చుతుంటే వరండాలో కుర్చీ కాళ్ళు నేల మీద కిర్రుమన్న చప్పుడు వినబడింది. కాసేపాగి మరొకటి, ఆ తర్వాత ఇంకొకటి. మూగనోము డాక్టరు తల ఎత్తి తలుపు వంక చూశారు. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

బయటికి వచ్చేసరికి గోడ పొడుగునా కుర్చీలు బారులు తీరి ఉన్నాయి. ఆఖరి దాని మీద అత్తగారు ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

"నర్సమ్మా, ఈ కుర్చీలన్నీ తీయించండి" అన్నాను.

"ఏమైంది మేడం?"

"నడక అయ్యాక చెబుతాను. పాత కొలతల సంగతి కూడా చెప్పాల్సింది ఉంది."

అత్తగారు లేచి నా దగ్గరికి వచ్చారు. "ఉండనీ అమ్మాయ్. నువ్వు ముట్టుకోవు కదా" అన్నారు, ఎవరికీ వినబడకుండా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉండనీయండి అనడానికి నా నోరు సిద్ధంగానే ఉంది.

"తీసేయండి అత్తయ్యా."

మా ఆయన రెండో వైపు నుంచి వచ్చి "నేను చెప్పింది గుర్తుంది కదా" అని గొణిగారు.

"గుర్తుంది. కుర్చీలతో పాటు మీరూ అటు జరగండి."

నర్సమ్మ, మా ఆయన కలిసి కుర్చీలు హాల్లోకి మోశారు. అత్తగారు మాత్రం తన కుర్చీని ఎవరికీ ఇవ్వలేదు. దాని వీపు రెండు చేతులా పట్టుకుని వరండా మొదట్లో నిలబడ్డారు. అదంతా అయ్యేదాకా మూగనోము డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నారు. తర్వాత ఎప్పటి మాటే చెప్పారు: "ఇక చాలనిపిస్తే ఆగి, ఆగానని చెప్పండి."

బయల్దేరాను. నాలుగడుగులు వేశానో లేదో, నా కాళ్ళ మీద నాకే అనుమానం వచ్చింది. ఈ ఎడమకాలి బరువు నిజమైన బరువేనా, మా ఆయన మాట విని అది నాటకమాడుతోందా? లేక ఆయన మీద కోపంతో నేనే దాన్ని తోసుకుపోతున్నానా? కాసేపు అదే ఆలోచిస్తూ నడిచాను. చివరి తలుపు చేరేసరికి ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది. అది మేలే అయింది.

తిరుగు దారిలో చప్పుడు వినబడింది. నేల మీద ఏదో రాసుకుంటున్నట్టు, సన్నగా, అడుగడుక్కీ. ఎవరో వెనక వస్తున్నారనుకున్నాను. నా చెప్పు ముక్కు అది. మా ఆయన పక్కగదిలోంచి ఇన్నాళ్ళూ విన్నది ఇదన్నమాట. పాపం, ఎలా విన్నారో!

ఎర్ర సిలిండరు దగ్గరపడింది. చెయ్యి చాపితే అందుతుంది. చెయ్యి అప్పుడే లేవబోయింది. పిడికిలి బిగించి పక్కన పెట్టుకున్నాను. ఇంకో అడుగు పడింది. ఆ తర్వాతది పడలేదు. ఎంత చెప్పినా పడలేదు.

సిలిండరు వెనక ఉండిపోయింది, చుట్టూ పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. వరండా మధ్యలో ఒంటరిగా ఊగుతూ నిలబడ్డాను. ఇన్నాళ్ళలో ఎన్నడూ ఆ మాట నా నోటి నుంచి రాలేదు.

"ఆగానండి" అన్నాను. "ఇక్కడే ఆగిపోయాను."

మూగనోము డాక్టరు నా పాదాల వంక చూశారు, నా చేతుల వంక చూశారు, రాసుకున్నారు. మా ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి.

కుర్చీ కాళ్ళు కిర్రుమన్నాయి. అత్తగారు కుర్చీ ఈడ్చుకుంటూ గబగబా వచ్చి, నాకు చెయ్యందే దూరంలో టక్కున ఆగిపోయారు. అక్కణ్ణుంచి ముందుకు రాకుండా డాక్టరు వంక చూశారు.

"బాబూ, ఇప్పుడు వెయ్యొచ్చా?"

ఆయన కాగితం మరోసారి చూసుకుని, కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఇప్పుడు వెయ్యండమ్మా" అని, కుర్చీకి రెండో వైపు ఆయనే పట్టుకున్నారు.